కుక్కను ఎవరికి అప్పగింపవలెను?

సెలవులకు ఊరు విడిచి పోవువారు తాళమును రెండుమారులు లాగి చూచుకొందురు. కుక్కను మాత్రము "ప్రక్కవారు చూతురు లెండి" అని వదలి పోవుదురు. ఆకలిదప్పులచే బాధపడునట్లు జంతువును తగిన కారణము లేక విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము.

మేమును ఒకప్పుడు పొరబడితిమి. మామిడికుదురులో విశాలమైన కొబ్బరితోట గల యొక పరిచితునికి మా కుక్కను అప్పగించి పోయితిమి. రెండవనాడే అది త్రాడు తెంపుకొని పోయెను. మేము నొచ్చుకొందుమని ఆయన ఆ మాట దాచెను. ఎనిమిది దినములకు తిరిగివచ్చి వైనతేయ గట్టు పొడుగునను వెదకితిమి, దొరకలేదు. త్రాడు తెగుట ఎవరి తప్పును కాదు. దాచుటయే నేటికిని మాకు కష్టముగ నున్నది.

కావున తోటను చూచి మోసపోకుడు. చెడ్డవార్తను ఆనాడే చెప్పువారిని ఎన్నుకొనుడు. ముందుగ ఒక రాత్రి కుక్కను వారియింట నుంచి, ఎట్లుండెనని యడుగుడు. "ఏ చిక్కును లేదు" అనువారికంటె "అన్నము ముట్టలేదండి" అనువారు మేలు. రేబిస్ టీకా వేయించిన తేదీ వ్రాసి యిండు. కఱచినచో గాయమును సబ్బుతోను, ధారగా పోయు నీటితోను 15 నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెనని చెప్పుడు.

ఇప్పటి మా కుక్కను ఎదురింటి మామ్మగారు చూచుచున్నారు. ఆమెకు తోట లేదు, దొడ్డియైనను చిన్నదే. గత వేసవిలో మూడవనాడే టెలిఫోను చేసిరి: "మాష్టారూ, మీ కుక్క నా కోడిపిల్లను చంపేసింది బాబూ!"

కోడిపిల్ల వెల ఆనాడే పంపితిమి.