జీపు స్టీరింగు వణికితే ముందు డ్యాంపర్ కొనకండి



ఈ మధ్య సంఘంలో నలుగురు చేరితే మాట జీపుల మీదికి పోతోంది. కావేరిపట్టణం, కృష్ణగిరి, హోసూరు చుట్టుపక్కల మన పిల్లలు పాత ఎంఎం 540లు, అంతకంటే పాత సీజే 3బీలు కొని, ఎత్తు పెంచి, లావు టైర్లు వేసి నడుపుతున్నారు. చూసేదానికి అందంగానే ఉన్నాయి. మాకూ సంతోషమే. కానీ 60 దాటితే స్టీరింగు గడగడ వణుకుతుందని వాళ్లే చెబుతారు, వాళ్లే నవ్వుతారు. ఆ నవ్వు మాకు నచ్చలేదు. వెనక కూర్చునేది మన మనవళ్లు, మనవరాళ్లు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. వణుకు ఎందుకు వస్తోందో తేలేదాకా ఆ బండిలో ఇంటి మనుషుల్ని ఎక్కించకూడదు. కొత్త స్టీరింగు డ్యాంపర్ బిగించి 'సరిపోయింది' అనడం జ్వరానికి దుప్పటి కప్పినట్టు.

ఈ జీపులకు ముందు రెండు చక్రాల మధ్య ఒకటే దూలం లాంటి యాక్సిల్. 2010లో వచ్చిన థార్‌కి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి. పాత జీపులో ఎడమ చక్రం గుంతలో పడితే కుడి చక్రానికీ తెలుస్తుంది. అట్లని దూలాన్ని తప్పుపట్టకూడదు. 1980 నుంచి మన హోసూరులో తయారవుతున్న అశోక్ లేలాండ్ లారీలకూ ముందు దూలమే. దాని కీళ్లు వదులైనప్పుడే కష్టం.

మేము రైల్వేలో చేసింది గుమాస్తా పని. అయినా షెడ్డు వాళ్ల మాటలు వింటూనే సర్వీసు గడిపాం. రైలు చక్రం పట్టా మీద ఆనే భాగం 20కి 1 వంతున వాలుగా ఉంటుంది. ఆ వాలు వల్లే చక్రం పట్టాల మధ్య తనంతట తాను సర్దుకుంటుంది. అది అరిగి ఆకారం మారితే పెట్టె పక్కలకు కొట్టుకుంటుంది. దానికి హంటింగ్ అని పేరు. ఎల్‌హెచ్‌బీ పెట్టెలకు ఆ ఊపును అణిచే డ్యాంపర్లు ఉన్నాయి. అవి ఉన్నాయి కదా అని అరిగిన చక్రాన్ని ఎవరూ వదలరు, లేతు మీద పెట్టి మళ్లీ కోస్తారు. జీపుకూ అదే న్యాయం.

మన సభ్యుడి బండికి ఒక వర్క్‌షాపులో రెండుసార్లు డ్యాంపర్ మార్చారు. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగుంది, మళ్లీ వణుకు. చివరికి చూస్తే ఒక టై రాడ్ ఎండు చేత్తో ఊపితేనే ఆడుతోంది. అన్నాళ్లూ దాని కింద ఎవరూ పడుకుని చూడలేదు.

మెకానిక్ దగ్గరికి పోయేముందు మనమే ఒక ప్రశ్న వేసుకోవాలి: వణుకు ఎప్పుడు వస్తోంది? ఒక వేగంలో వచ్చి, ఇంకా పెంచితే తగ్గిపోతే, చక్రం బ్యాలెన్సు, వంగిన రిమ్ము, టైరు చూడాలి. బ్రేకు తొక్కితేనే వస్తే బ్రేకు డ్రమ్ములు చూడాలి. గుంతలో పడగానే మొదలై, బండి బాగా నెమ్మదించేదాకా ఆగకపోతే, అదే అసలు భయపడాల్సిన వణుకు. ఎక్కడో కీలు వదులైంది, లేదా యాక్సిల్ వాలు తప్పింది.

తరువాత వరుసగా ఇట్ల చూడండి. ముందు టైర్ల గాలి, అరుగుదల, వీలు నట్లు. ఆ తరువాత బండి నేల మీదే ఉండగా, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు దిమ్మలు పెట్టి, ఒకరు స్టీరింగును కొంచెం కొంచెం అటూ ఇటూ తిప్పాలి. ఇంకొకరు కింద ఒక్కొక్క కీలు మీద చెయ్యి పెట్టి చూడాలి: డ్రాగ్ లింకు, టై రాడ్ ఎండ్లు, సీజే 3బీలో బెల్ క్రాంకు, స్టీరింగు బాక్సును ఛాసిస్‌కి పట్టి ఉంచే బోల్టులు. ఒక వైపు కదిలి రెండో వైపు ఆలస్యంగా కదిలితే దొంగ దొరికినట్టే.

ఆ తరువాత జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోతే వీలు బేరింగు, పోకపోతే కింగ్ పిన్ను. పట్టీల బుష్షులు, యూ బోల్టులు కూడా వదలకండి. ఎత్తు పెంచిన బండిలో కాస్టర్ కొలిపించాలి. పట్టీకి ముందు వైపు షాకిల్ ఉన్న బండికి పొడుగు షాకిల్ వేస్తే యాక్సిల్ పైభాగం ముందుకు వాలుతుంది. అప్పుడు చక్రం నేరుగా నిలిచే గుణం తగ్గిపోతుంది. డ్యాంపర్ సంగతి చిట్టచివర.

రోడ్డు మీద వణుకు మొదలైతే గట్టి బ్రేకు కొట్టకండి. యాక్సిలరేటరు వదిలి, స్టీరింగును కుదురుగా పట్టుకుని, మెల్లగా పక్కకు తీయండి. బొటనవేళ్లు స్టీరింగు కమ్మీల లోపల పెట్టకండి. తొప్పూరు ఘాటు దిగేటప్పుడు ఇది నేర్చుకునేదానికి టైం ఉండదు.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. తయారీదారు ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది ఈ మార్పుల గురించే.

'సంఘం ఉండేది తెలుగు కోసం, పిల్లల చదువుల కోసం, బండ్ల పంచాయితీ మనకెందుకు' అని కొందరంటారు. ఉగాది ఊరేగింపులో ముందు నడిచేవి ఆ జీపులే. వాటిలో పిల్లల్ని ఎక్కించేది మనమే. అందుకే మా కోరిక: ఊరేగింపుకి ముందు ఒక ఆదివారం జీపులన్నీ ఒక చోటికి రావాలి. హోసూరు ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన పెద్దలు మనలో ఉన్నారు. వాళ్లు బండికి అరగంట ఇస్తే చాలు. కీలు ఆడే బండి ఆ ఏడాది ఊరేగింపులోకి రాకూడదు, అది కార్యదర్శి గారి కొడుకుదైనా సరే.

వచ్చే సమావేశంలో ఈ మాట అజెండాలో పెట్టమని అడుగుతున్నాం. ఒప్పుకునేవాళ్లు, ఒప్పుకోనివాళ్లు ఇద్దరూ రండి, మాట్లాడుకుందాం.