తాళము వేసిన మన ఇండ్లు, గూడు లేని మన వారు



నరికుడి యూనియనులో మన తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురమున్న పల్లెలను ఒక్కమారు తిరిగి చూడుడు. నడివీధిలో పెద్ద ఇండ్లకు తాళములు వ్రేలాడుచున్నవి. అన్న కోవిల్‌పట్టిలో, తమ్ముడు శివకాశిలో, వారి బిడ్డలు మదరాసులో. పెరటిలో సర్కారు తుమ్మ మొలచి గోడను చీల్చుచున్నది. ఊరి చివర చెరువు కట్ట ప్రక్కన తాటాకు గుడిసెలలో కొన్ని అరుంధతీయ కుటుంబములు తలదాచుకొనుచున్నవి. వారి ఇంట పలుకు భాషయు మన తెలుగే. ఐప్పసి వానలు రాకముందు మా అంగడిలో టార్పాలిన్ పట్టలు కొనువారు ఎక్కువగా వారే. ప్రతి ఏడును అదే పట్ట, అదే బేరము. సరకు అమ్ముడుపోయెనని సంతోషింపవలసిన మాకు ఆ బేరము సిగ్గు కలిగించుచున్నది.

ఈ మాట ఎత్తినంతనే మన పెద్దలు కొందరు, “ఇండ్లు కట్టించుట ప్రభుత్వము పని, పంచాయతీ ఏమి చేయగలదు?” అందురు. ఇది తెలియక చెప్పు మాట, లేదా తెలిసి తప్పించుకొను మాట. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు చెప్పిన 29 విషయములలో గ్రామీణ గృహవసతి పదవది. 1994లో మన రాష్ట్రమున పంచాయతీల చట్టము వచ్చెను. ఇక సొమ్ము సంగతి. 2016లో కేంద్రము ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస పథకమును ఆరంభించెను. 2030 నాటికి గుడిసె లేని రాష్ట్రము కావలెనని 2024లో తమిళనాడు ప్రభుత్వము కలైజ్ఞర్ కనవు ఇల్లం పథకమును ప్రకటించెను. ఆరేండ్లలో 8 లక్షల ఇండ్లు, ఒక్కొక్కటి 360 చదరపు అడుగులు, ఇంటికి 3 లక్షల 50 వేల రూపాయలు అని లెక్క చెప్పిరి.

అయినను ఆ ఇల్లు ఎవరికి? స్వంత స్థలమునకు పట్టా గలవానికి. చెరువు పోరంబోకులో గుడిసె వేసికొన్నవానికి పట్టా లేదు, కనుక ఇల్లును లేదు. అందరికంటె ఎక్కువ తడియువాడే జాబితాలో చేరకుండుట ఏమి న్యాయము? కావున కొఱత సిమెంటుది కాదు, మూడు సెంట్ల మన్నుది.

ఆ మన్ను చూపుటకు పంచాయతీ చేయదగిన పనులు మూడు గలవు. మొదటిది: ఇంటి పన్ను పుస్తకము పంచాయతీ చేతిలోనే యున్నది. నత్తములో ఏ ఇల్లు తాళములో నున్నదో, ఏ స్థలము పాడుపడినదో జాబితా వ్రాసి గ్రామసభలో చదువవలెను. (తెలుగు దేశమున గ్రామకంఠమని పిలుచుదానినే ఇచట నత్తమందురు.) రెండవది: పట్టా ఇచ్చునది పంచాయతీ కాదు, రెవెన్యూ శాఖ. కాని స్థలము లేనివారి పేర్లతో, ఊరిలో ఇవ్వదగిన స్థలముల వివరములతో గ్రామసభ తీర్మానము చేసి పంపినచో తహసిల్దారునకు పని సులభమగును. మూడవది: ఇచ్చిన స్థలమునకు నీటి గొట్టము, దారి, దీపము చూపవలెను. ఊరికి దూరముగా నీరు లేని చోట స్థలమిచ్చి, “ఇచ్చితిమి, వారే పోలేదు” అనుట వంచన.

2019 డిసెంబరులో ఎన్నికైన సభ్యుల గడువు 2025 జనవరి 5తో ముగిసి, పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతికి పోయెను. దానిని సాకుగా చెప్పరాదు. కుర్చీలో ఎవరున్నను గ్రామసభలో లేచి మాటలాడు హక్కు ఊరివారిదే.

అయితే పంచాయతీ మన తాళమును విరువజాలదు, విరువనుకూడదు. ఆ తాళపుచెవి మన చేతిలో నున్నది. ఇచటనే మన తప్పు బయటపడుచున్నది. ఆది ద్రావిడుల ఇండ్ల స్థలములకై భూమి సేకరించుటకు 1978లోనే చట్టము వచ్చెను. ఆ చట్టము క్రింద నోటీసు వచ్చినచో మనము ముందుగా వెదకునది వకీలును. పిల్లలకు తెలుగు చదువు కావలెనని మహజరులు వ్రాయుదుము. తెలుగు మాటలాడు పొరుగువానికి మూడు సెంట్లు అనగానే మన నోట మాట రాదు. గుడిసెలో నున్నవాని తెలుగు తెలుగు కాదా?

“ఉమ్మడి ఆస్తి, అందరి సంతకములు కావలెను” అందురు. నిజమే. సంతకములు పెట్టించుట యజమానుల పని కాక మరెవరిది? ఊరకే ఇమ్మని మేము కోరుట లేదు. ఇవ్వగలవారు ఇత్తురు గాక. తక్కినవారు న్యాయమైన ధరకు అమ్మిన చాలును.

1951 ఏప్రిల్ 18న తెలంగాణములోని పోచంపల్లిలో హరిజనులు భూమి అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబాజీ యెదుట 100 ఎకరములు ఇచ్చిరి. ఆయన మన భాషవారే. కొండకు అవతలి కేరళములో లైఫ్ మిషను క్రింద ఇండ్ల పనిని స్థానిక సంస్థలే నడపినవి. స్థలము లేనివారికి స్థలమిండని 2021లో అచట భూస్వాములను బహిరంగముగా కోరిరి. అచట అడిగిరి, ఇచట మనలను అడుగువారు లేరు, కనుక మనమే అడుగుకొనవలెను. మన పూర్వులు వలస వచ్చిన నాడు వారికిని ఈ సీమలో సెంటు భూమి లేదు. నిలువ చోటు దొరకినందుననే నేడు మనము పాతకాపులమని చెప్పుకొనుచున్నాము.

మేము వ్రాసి ఊరకుండువారము కాము. మా కుటుంబమునకు నత్తములో ఒక పాడుస్థలము కలదు. దానిని స్థలము లేనివారికి విడిచిపెట్టుటకు అన్నదమ్ములలో ముగ్గురి సంతకములైనవి, నాల్గవది రావలసియున్నది. అది వచ్చువరకు ఈ విషయమున ఇతరులను నిందించుటకు మాకు సగమే అర్హత.

జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 గ్రామసభలకు నిర్ణయించిన దినములు. వీనిలో రాబోవు దినమునకు ప్రతి ఊరి సభ్యులును తమ వీధిలోని తాళము వేసిన ఇండ్ల జాబితాతో పోవలెనని కోరుచున్నాము. జాబితాలో మొదటి పేరు తమదే యైనను వెనుదీయరాదు.