నత్రజని పేరు, హార్మోను పని

ఎరువుల దుకాణంలో అజోస్పైరిల్లం ప్యాకెట్ అడిగితే, ఇచ్చేవాళ్లు చెప్పే మాట ఒకటే: గాలిలోని నత్రజనిని పైరుకు అందిస్తుంది, యూరియా కొంత తగ్గించుకోవచ్చు. అందులో అబద్ధం లేదు. కానీ ఈ బ్యాక్టీరియా పైరుకు చేసే మేలులో పెద్ద వాటా నత్రజనిది కాదని, అది వేరు దగ్గర తయారుచేసే హార్మోన్లదని చూపే ఆధారాలు నలభై ఏళ్లకు పైగా పోగవుతున్నాయి. మన ప్రమాణాలు మాత్రం ఇంకా నత్రజని దగ్గరే ఆగిపోయాయి.

మొక్కల హార్మోన్లలో ఒకటైన జిబ్బరెల్లిన్ కథ మొదలైందే ఒక సూక్ష్మజీవితో. 1926లో, అప్పట్లో జపాన్ పాలనలో ఉన్న తైవాన్‌లో, ఎయిచి కురొసావా అనే శాస్త్రవేత్త వరి నారులో ఒక తెగులును పరిశీలించాడు. తెగులు సోకిన మొక్క పాలిపోయి, సన్నగా, ఉండాల్సిన దానికన్నా పొడుగ్గా పెరిగి పడిపోతుంది. దానికి కారణమైన శిలీంధ్రాన్ని ద్రావణంలో పెంచి, వడకట్టి, శిలీంధ్రం లేని ఆ ద్రావణాన్నే నారుకు ఇచ్చినా మొక్కలు అలాగే సాగాయి. అందులోని పదార్థానికి 1935లో యబుటా అనే శాస్త్రవేత్త జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. అది మొక్కలు సహజంగా తయారు చేసుకునే హార్మోనే అని తేలడానికి 1950ల దాకా పట్టింది. ఇవాళ ద్రాక్ష తోటల్లో గుత్తులకు వాడే జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని కూడా పరిశ్రమలు ఆ శిలీంధ్రాన్ని పెంచే తీస్తున్నాయి.

అజోస్పైరిల్లం విషయానికొస్తే, 1970లలో బ్రెజిల్‌లో జొహానా డోబరైనర్ గడ్డిజాతి మొక్కల వేళ్లలో దాన్ని వెలికితీసినప్పుడు ఆశంతా నత్రజని మీదే. 1979లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని సజ్జ మీద పరీక్షించారు. బ్యాక్టీరియా పట్టించిన మొక్కకు పక్కవేళ్లు ఎక్కువ పుట్టాయి, వాటి నిండా నూగువేళ్లు దట్టంగా కమ్ముకున్నాయి. తర్వాత బ్యాక్టీరియాను పక్కనపెట్టి ఆక్సిన్, జిబ్బరెల్లిన్, సైటోకైనిన్ అనే హార్మోన్లు కలిపి ఇచ్చారు. వేరు ఇంచుమించు అదే రూపం దాల్చింది. ఆ మూడు రకాల పదార్థాలూ బ్యాక్టీరియా పెరిగిన ద్రావణంలో దొరికాయి కూడా.

జరిగేది ఇదీ. మొక్క తన వేళ్ల నుంచి చక్కెరలు, సేంద్రియ ఆమ్లాలు, అమైనో ఆమ్లాలు కొంచెం కొంచెంగా మట్టిలోకి వదులుతుంది. వాటిలో ట్రిప్టోఫాన్ ఒకటి. బ్యాక్టీరియా దాన్ని దశలవారీగా మార్చి ఇండోల్ అసిటిక్ ఆమ్లం, అంటే ఆక్సిన్, తయారు చేస్తుంది. అది తిరిగి వేరులోకి చేరి పక్కవేళ్లు పుట్టమని పురమాయిస్తుంది. వేరు విస్తరిస్తే భాస్వరం, జింకు, నీరు అన్నీ ఎక్కువగా అందుతాయి. ఈ ఘనత హార్మోనుదేనని గట్టిగా నిరూపించింది కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయం. 2002లో చెరిల్ పాటెన్, బెర్నార్డ్ గ్లిక్ సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా రకంలో ఆక్సిన్ తయారీకి కీలకమైన జన్యువును పనిచేయకుండా చేశారు. అసలు బ్యాక్టీరియా పట్టించిన కనోలా విత్తనాల తల్లివేరు, జన్యువు చెడగొట్టిన దానితో పెరిగిన వేరు కన్నా సగటున 35 నుంచి 50 శాతం పొడుగ్గా వచ్చింది.

అయితే ఎక్కువ హార్మోను చేసే రకమే మంచి రకం అనుకుంటే పొరపాటు. ఆక్సిన్ మోతాదు మించితే వేరు సాగడం ఆగిపోతుంది. పండ్ల మొక్కల మొదళ్లలో కణుతులు లేపే ఆగ్రోబ్యాక్టీరియం కూడా హార్మోన్ల ఆయుధంతోనే ఆ పని చేస్తుంది. ఏ పైరుకు ఏ రకం, ఎంత మోతాదు అన్నది పొలంలో తేల్చాల్సిందే.

బ్రెజిల్ ఆ పని చేసింది. అక్కడి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపాలోని శాస్త్రవేత్త మరియాంజెలా హుంగ్రియా బృందం ఎంపిక చేసిన అజోస్పైరిల్లం రకాలు పొలాల్లో మొక్కజొన్న దిగుబడిని 24 నుంచి 30 శాతం పెంచాయని 2010లో ప్రచురించారు. అందుకు కారణం ఒక్క నత్రజని స్థిరీకరణ కాదని, పైరు అన్ని పోషకాలనూ ఎక్కువగా తీసుకోవడమని ఆ బృందమే రాసింది. హుంగ్రియాకు 2025లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. ప్రతిచోటా ఇదే ఫలితం వస్తుందని చెప్పలేం. రెండు దశాబ్దాల క్షేత్ర ప్రయోగాలను 1994లో సమీక్షిస్తే 60 నుంచి 70 శాతం ప్రయోగాల్లోనే మేలు కనిపించింది, అదీ 5 నుంచి 30 శాతం మధ్య.

ఇప్పుడు మన సంగతి. అజోస్పైరిల్లం లాంటి జీవన ఎరువులను 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి 2006లో తెచ్చారు. పొడి రూపంలోనైతే గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలుండాలని ప్రమాణం పెట్టారు, మంచిదే. కానీ అజోస్పైరిల్లం సామర్థ్యానికి పెట్టిన పరీక్ష నత్రజని లేని మాధ్యమంలో తెల్లటి పొర కట్టడం ఒక్కటే. వేరును పెంచుతుందా లేదా అన్న ప్రశ్నే అందులో లేదు. 2021లో ఇదే ఉత్తర్వులోకి పైరు పెరుగుదలకు ఊతమిచ్చే బయోస్టిమ్యులెంట్లను చేర్చినప్పుడు, పెరుగుదలను నియంత్రించే రసాయనాలు 1968 నాటి పురుగుమందుల చట్టం పరిధిలోవని వాటిని మినహాయించారు. బతికుండి హార్మోను చేసే జీవిని ఆ కోణంలో కొలిచే బాధ్యత ఎవరికీ లేకుండా పోయింది.

ఈ లోటు వల్ల నష్టపోయేది రైతు. దిగుబడి పెరగకపోతే తాను సరిగా వాడలేదేమో అనుకుంటాడు గానీ, ప్యాకెట్‌లోని రకం వేరు మీద పనిచేసేదేనా అని అడిగే దారి అతనికి లేదు. పరీక్ష పెద్ద ఖర్చుతో కూడుకున్నదీ కాదు. సాల్కోవ్‌స్కీ ద్రావణం కలిపితే ఆక్సిన్ ఉన్న ద్రావణం గులాబీ రంగుకు తిరుగుతుంది. మొదటి వడపోతకు అది చాలు. ఆ తర్వాత మొలకల మీద పట్టించి వేళ్లు కొలవడం ఏ వ్యవసాయ కళాశాల ప్రయోగశాలలోనైనా జరిగే పనే.

రైతులు చేయగలిగింది కూడా ఉంది. గడువు తేదీ చూసి కొనాలి, ప్యాకెట్‌ను ఎండ తగలని చోట ఉంచాలి. విత్తనశుద్ధిలో శిలీంధ్రనాశిని, పురుగుమందు ముందు పట్టించి, జీవన ఎరువును చివరన కలిపి నీడలో ఆరబెట్టాలి. రసాయన ఎరువుతో కలిపి చల్లకూడదు. కేంద్ర వ్యవసాయ శాఖ మాత్రం అజోస్పైరిల్లం ప్రమాణంలో వేరు పెరుగుదల పరీక్షను చేర్చి, ఆ ఫలితాన్ని ప్యాకెట్ మీద అచ్చు వేయించాలి.