డోలీ మోసినోళ్లం హెలికాప్టర్ నడపొద్దా?



పోస్టు పెద్దగా ఉంది, ఓపికగా చదవండి. పోయిన వారం మన గ్రూపులో ఒక అన్న మా గురించి రాసిండు. పేర్లు పెట్టలేదు గానీ గాంధీనగర్ హాస్టల్ అనగానే అందరికీ అర్థమైంది. "ఊళ్లల్ల డోలీలు మోస్తున్నరు, వీళ్లేమో పట్నంల కూసొని కంప్యూటర్‌ల హెలికాప్టర్ ఆట ఆడుతున్నరు" అని. ఆ మాటకు చానా లైకులు పడ్డాయి. అందులో మా ఊరోళ్లవి కూడా ఉన్నాయి. అందుకే జవాబు రాస్తున్నాం.

ముందు ఒప్పుకునేవి ఒప్పుకుంటాం. అవును, ఆడుతున్నాం. ఐదుగురం కలిసి పైసలేసుకుని పాత కంప్యూటర్ కొన్నాం. చిక్కడపల్లి లైబ్రరీ నుంచి వచ్చాక రాత్రి గంట, గంటన్నర కూర్చుంటాం. మా ఐదుగురి ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కినోళ్లు మాకన్నా ముందు ఎవరూ లేరు. టైం విలువ మాకు తెలియదని అనుకోవద్దు.

ఏం ఆడుతున్నామో కూడా చెప్తాం. మైక్రోసాఫ్ట్ 2024 నవంబర్‌లో తెచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్‌లో రెస్క్యూ పైలట్ ఉద్యోగమే ఒక ఆటగా ఉంది. దాన్ని మోసే కంప్యూటర్ మా దగ్గర లేదు. మేం నడిపేది ఫ్లైట్‌గేర్. ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. అందులో రెస్క్యూ కథలు మేమే పెట్టుకుంటాం. భద్రాచలం నుంచి చర్ల అడవిలో ఒక గూడేనికి పోవాలి, మనిషిని ఎక్కించుకుని రావాలి. నేరుగా గాల్లో యాభై కిలోమీటర్ల లోపే. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పావుగంట.

పావుగంట అనుకుని మొదలుపెట్టాం. మొదటి వారమంతా చెట్లలోనే కూలాం. అశోక్‌నగర్‌లో అందరూ కలెక్టర్ అంటారు, మాకు ముందు ఎదురైంది కలెక్టివ్. హెలికాప్టర్‌ను పైకి లేపి కిందికి దించే కర్ర అది. ఎడమ చేతిలో అది, కుడి చేతిలో సైక్లిక్, కాళ్ల కింద పెడల్స్. ఒకటి కదిలిస్తే మిగతా రెండూ సరిచేయాలి. తొందరపడి నిట్టనిలువుగా దిగితే రోటర్ తోసిన గాలిలోకే హెలికాప్టర్ జారుతుంది. భయపడి కలెక్టివ్ లాగితే ఇంకా వేగంగా పడుతుంది. ముందుకు నడిపి ఆ గాలిలోంచి బయటపడాలి. ఇది నేర్చుకోవడానికే మాకు ఇరవై రోజులు పట్టింది.

ఇప్పుడు అసలు మాట. మాలో ఒకడి వదినకు మూడేళ్ల కింద జూలైలో రాత్రిపూట నొప్పులు మొదలైనయి. వాన. వాగు పొంగింది. మంచానికి కర్ర కట్టి మోసుకొచ్చినోళ్లు వాగు ఒడ్డున తెల్లారేదాకా ఆగిపోయారు. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు. ఆ రాత్రి కర్ర పట్టినోళ్లలో వీడూ ఉన్నాడు. అన్నా, మీరు డోలీ గురించి రాసింది ఎవరి గురించో చూసుకోండి.

వాడు సిమ్యులేటర్‌లో అదే రాత్రిని పెట్టుకున్నాడు. జూలై, రాత్రి, వాన, కిందికి దిగిన మబ్బు. పదకొండు సార్లు పోయాడు, పదకొండు సార్లూ చేరలేదు. మబ్బులో గుట్టకు గుద్దుకున్నాడు, లేకపోతే కింద ఏముందో కనపడక దిగలేకపోయాడు. పన్నెండోసారి పగలు పెట్టి, వాన తీసేశాడు. పావుగంటలో చేరాడు. కంప్యూటర్ ఆపి మెట్ల మీదికి పోయి కూర్చున్నాడు. మేం వెంటపోలేదు.

మరుసటి రోజు వాడే చెప్పాడు. "ఆ రాత్రి హెలికాప్టర్ ఉన్నా రాకపోవు. వాగు మీద వంతెన ఉంటే చాలు." మూడేళ్లు వాడు హెలికాప్టర్ లేదనే బాధపడ్డాడు. అడగాల్సింది వేరే ఉందని ఏ ఆఫీసులోనూ ఎవరూ చెప్పలేదు. ఆట చెప్పింది.

ఇది ఒక్క మా ఊరి ముచ్చట కాదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. ఆ వానల్లోనే చెన్నూరు మండలం సోమన్‌పల్లి దగ్గర నీళ్ల ట్యాంకు ఎక్కి కూర్చున్న ఇద్దరిని వైమానిక దళం హెలికాప్టర్ తీసుకొచ్చింది. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లా నైనిపాక దగ్గర జేసీబీ మీద చిక్కుకున్న ఆరుగురినీ హెలికాప్టరే కాపాడింది. రెండూ మంచి పనులే, ఆ పైలట్లకు దండం. కానీ అదే వానకు ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్న వాగు జనం ప్రాణాలు తీసింది.

2024 సెప్టెంబర్ 1 గుర్తుందా? ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది మున్నేరు మధ్యలో చిక్కుకున్నారు. వాతావరణం బాగోలేక హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి హర్యానా నుంచి పొట్టకూటికి వచ్చిన జేసీబీ డ్రైవర్ సుభాన్ ఖాన్ నీళ్లలోకి బండి దింపి వాళ్లను తెచ్చాడు. ఖమ్మం జిల్లా కేంద్రం. రోడ్లు ఉన్నాయి, ఆఫీసర్లు ఉన్నారు, టీవీలు ఉన్నాయి. అక్కడికే రాలేనిది వానాకాలం రాత్రి మన గూడేనికి వస్తుందా?

అందుకే మన గ్రూపులో కొందరు "ఏజెన్సీకి ఒక హెలికాప్టర్ ఇవ్వాలె" అని పోస్టు పెట్టి ఊరుకుంటే మాకు కోపం వస్తుంది. అడగొద్దని కాదు. ఉత్తరాఖండ్‌లో రిషికేశ్ ఎయిమ్స్ 2024 అక్టోబర్‌లో హెలికాప్టర్ అంబులెన్స్ మొదలుపెట్టింది. కొండల్లో ఉన్నోళ్లకు అక్కడ ఇవ్వగలిగితే ఇక్కడ ఎందుకు ఇవ్వరు? అడగాల్సిందే. కానీ అదే హెలికాప్టర్ 2025 మేలో కేదార్‌నాథ్‌లో దిగబోయి తోక విరగ్గొట్టుకుంది. శిక్షణ పొందిన పైలటే. అందరూ బతికారు, అది అదృష్టం. కాబట్టి అడిగేటప్పుడు తెలిసి అడగాలి. లేకపోతే ఒక హెలికాప్టర్ చూపించి పది వంతెనలు ఎగ్గొడతారు.

తెలిసి అడగడం అంటే ఇది.

మొదటిది, వాగుల మీద వంతెన, గూడెం దాకా రోడ్డు. హెలికాప్టర్ వీటికి బదులు కాదు.

రెండోది, నెలలు నిండిన ఆడోళ్లను వానకు ముందే ఆస్పత్రి దగ్గరికి తెచ్చి ఉంచే ఇల్లు. పార్వతీపురం ఐటీడీఏ 2018లోనే సాలూరులో గిరిజన గర్భిణుల కోసం ఇట్లాంటి వసతి పెట్టింది. అంటే చేయగలరు.

మూడోది, హెలికాప్టర్ దిగే జాగా. చిన్నదానికైనా దాదాపు ముప్పై మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఖాళీ ఉండాలి. పక్కన విప్ప చెట్టు, తాడిచెట్టు, కరెంటు తీగ ఉండొద్దు. ఆశ్రమ పాఠశాల గ్రౌండో, ఎత్తు మీద చేనో, ఏ ఊరికి ఏది పనికొస్తుందో వానాకాలానికి ముందే రాసి పెట్టాలి. వరద వచ్చాక వెతికితే దొరకదు.

నాలుగోది, నడిపేటోడు. ఇక్కడే ఆ అన్నతో మా అసలు తగాదా.

అన్నా, రెస్క్యూ ఆటల్లో ఒక విషయం గమనించాం. ఆడేటోడు ఎప్పుడూ పైలటే. కింద ఎదురుచూసేటోడికి పేరుండదు, బరువు ఒక్కటే ఉంటుంది, ఇన్ని కిలోలు అని. మన గూడెం అయితే అది కూడా లేదు. మేం ఎగిరిన చోట తెరమీద ఉత్త పచ్చరంగే. బయట కూడా మన లెక్క అంతే. ఫొటోలో ఎప్పుడూ తాడు పట్టుకుని వేలాడేది మనమే. తాడు వదిలే చేతుల్లో మన చెయ్యి ఎందుకు ఉండొద్దు?

మనకు చేతకాదంటారా? చింతూరు దాటితే వచ్చే మల్కనగిరి జిల్లా అమ్మాయి, ఆదివాసీ పోలీసు హవల్దార్ కూతురు అనుప్రియ మధుమిత లక్రా. ఇంజినీరింగ్ మధ్యలో వదిలి పైలట్ ట్రైనింగ్‌లో చేరింది. 2019లో ఇండిగోలో కో-పైలట్ అయింది. ఆమెకూ ఎవరో ఒకరు "ఇది మనకెందుకు" అనే ఉంటారు.

పైసల సంగతి తెలుసు, లక్షల్లో పని. కానీ ఎస్టీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనలు తీసి చూడండి. గ్రూప్-1 కోర్సుల జాబితాలో కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉంది, హెలికాప్టర్ పైలట్‌తో సహా. మనం ఇక్కడ పొద్దున లేస్తే గ్రూప్-1, గ్రూప్-1 అంటాం, ఈ గ్రూప్-1 గురించి ఒక్క సీనియర్ కూడా మాకు చెప్పలేదు. మనం ఉన్న చోటు నుంచి బస్సెక్కితే వచ్చే హకీంపేటలో వైమానిక దళం హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ ఉంది. అది కూడా ఎవరూ చెప్పలేదు. ఎస్ఐ, కానిస్టేబుల్, టీచర్ అన్నారు. అవి మంచి ఉద్యోగాలే, మేమూ రాస్తాం. కానీ మన పిల్లల కలకు కొలత మీరే ఎందుకు కోస్తున్నారు?

మేం ఐదుగురం పైలట్లం అవుతామని చెప్పట్లేదు. ఒక్కరూ కాకపోవచ్చు. సిమ్యులేటర్‌లో కూలితే బటన్ నొక్కి మళ్లీ ఎగరొచ్చు, బయట కుదరదు, ఆ తేడా మాకు తెలుసు. చెప్పేది ఒక్కటే. ఆడినందుకు మేం డోలీని మర్చిపోలేదు. ఆడినందుకే డోలీ ఎందుకు ఇంకా ఉందో కొంచెం ఎక్కువ అర్థమైంది.

ఇప్పుడు పని. వానాకాలం లోపు మీ ఊరు, మీ వాగు, వంతెన లేని చోటు, ఖాళీ గ్రౌండు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో పెట్టండి. ఫోన్ చాలు, ఎవరైనా పెట్టొచ్చు. పెట్టిన ఊర్ల పేర్లు ఈ పోస్టు కింద రాయండి. మేం జాబితా చేసి, మండలాల వారీగా విడగొట్టి, ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసర్లకు వినతిపత్రంగా ఇస్తాం. సంతకాలకు రావాలనుకునేటోళ్లు ఆదివారం పొద్దున ఇందిరా పార్కు గేటు దగ్గరికి రండి.

పోయిన వారం పోస్టు పెట్టిన అన్న కూడా రావాలి. తర్వాత మా రూముకు తీసుకుపోతాం, ఒక్కసారి మీ ఊరికి ఎగిరి చూడండి. దిగగలిగితే మేం ఆట మానేస్తాం.

జోహార్.