ఆటిజం పిల్లలకు సీటు సరే.. మరి టీచర్ ఏరి?

ఆటిజం ఉందని సర్కారు బడి పిల్లల్ని వద్దనడానికి వీల్లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతానికి తగ్గకుండా వైకల్యం ఉంటే.. 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువుకోవచ్చు. మరి నేర్పేదెవరు?

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రైమరీలో 10 మందికి, పై తరగతుల్లో 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2022లోనే కేంద్రం చెప్పింది. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఏళ్లుగా భారమంతా భవిత కేంద్రాలు, అక్కడి కాంట్రాక్టు సిబ్బందిపైనే. తెలంగాణ 2024 డీఎస్సీలో 1,016 స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు ఇచ్చింది. మంచి అడుగే.

కానీ ఆటిజం పిల్లల్లో చాలామందికి రోజూ అదే టైమ్‌టేబుల్, అలవాటైన మనిషి ఉంటేనే చదువు సాగుతుంది. ఎప్పుడో వచ్చి వెళ్లే టీచర్‌తో అది కుదరదు. అందుకే పోస్టుల లెక్కతో పాటు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది.. మన బడికి ఎవరొస్తున్నారు? వారానికి ఎన్ని రోజులు?