కాటాకెక్కని బరువు

పోయిన నెల మా ఇంట్లో ఒక లెక్క తీశాను. నెల రోజుల పాటు ఇంట్లోకొచ్చిన ప్లాస్టిక్‌లో ఒక్క కవరు కూడా పారెయ్యకుండా, కడిగి ఆరబెట్టి గోనెసంచిలో వేస్తూ వచ్చాను. "ధాన్యం దాచుకునే వాళ్లని చూశాం గానీ, చెత్త దాచుకునే కోడల్ని ఇప్పుడే చూస్తున్నా" అని మా అత్తగారు ఒకటే నవ్వు.

నెలాఖరుకి పాత సామాన్లు కొనే ఆవిడ బండి తోసుకుంటూ వచ్చింది. సంచి బోర్లించి ఏరింది. పాల కవర్లు, నీళ్ల సీసాలు, నూనె డబ్బా, విరిగిన మగ్గు ఒక పక్కకి. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ కాగితాలు, షాంపూ సాషేలు, కర్రీ పాయింట్ వాళ్లు కూర కట్టిచ్చిన పల్చటి కవర్లు ఇంకో పక్కకి. "ఇయ్యి నాకొద్దమ్మా, ఎవరూ కొనరు" అనేసింది. మొత్తం 2 కిలోలు తూగితే ఆవిడ తీసుకుంది 800 గ్రాములు. మిగిలిన కిలో 200 గ్రాములూ మళ్లీ మా గుమ్మంలోనే!

నాకు మనసు చివుక్కుమంది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇచ్చేస్తే చాలు, అంతా రీసైక్లింగ్‌కి పోతుందిలే అని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాను. మన ఇంటి లెక్కే ఇలా ఉంటే లోకం లెక్క ఇంకెంత ఘోరం? 2015 వరకూ ప్రపంచంలో తయారైన ప్లాస్టిక్ సుమారు 830 కోట్ల టన్నులనీ, అందులో చెత్తగా మారిన దాంట్లో రీసైకిల్ అయింది 9 శాతమేననీ శాస్త్రవేత్తలు 2017లో లెక్క తేల్చారు. 12 శాతం కాల్చేశారు. మిగతాదంతా చెత్తకుప్పల్లోనో, నేల మీదో, నీళ్లలోనో ఉంది.

సాషేని ఎందుకు కొనరంటే, అది ఒక పొర కాదు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అంటుకుని ఉంటాయి, విడదియ్యడం ఖర్చు. పోనీ, కొన్న సీసా అయినా మళ్లీ సీసా అవుతుందా అంటే, ఎక్కువ భాగం దారంగా మారి బట్టల్లోకో తివాచీల్లోకో పోతుంది. అవి పాతబడ్డాక మళ్లీ రీసైకిల్ అయ్యేది తక్కువే. అంటే చెత్తబుట్టలోకి వెళ్లే రోజు వాయిదా పడిందంతే.

"అయితే గుడ్డ సంచీ పట్టుకెళ్తే సరి" అంటారా? నేనూ అదే అనుకున్నాను. బీరువా తెరిచి చూస్తే పెళ్లిళ్లలో తాంబూలంతో ఇచ్చినవి 17 సంచులు మడత విప్పకుండా ఉన్నాయి. పత్తి పండించాలి, నెయ్యాలి, రంగులద్దాలి, అందుకని దాని ఖర్చూ తక్కువేం కాదు. భూమిని వేడెక్కించే లెక్కలో చూస్తే, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ కవరుతో సమానం కావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలని 2011లో బ్రిటన్ పర్యావరణ సంస్థ చెప్పింది. వారానికోసారి బజారుకి తీసుకెళ్తే రెండున్నరేళ్లు!

అలాగని కవరే మేలనుకోకండి. ఆ లెక్క తూచింది వేడిని మాత్రమే. కాలువకి అడ్డుపడిన కవరుని, ఆవు కడుపులో చేరిన కవరుని అది తూచలేదు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వాళ్లు ఆవుల కడుపుల్లోంచి తీసిన ప్లాస్టిక్ చూసి తట్టుకోలేక 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఏ కాటా అయినా ఒక్కదాన్నే తూస్తుంది. ఎవరైనా అంకె చెప్పినప్పుడు "దేన్ని తూచావు, దేన్ని వదిలేశావు?" అని మనం అడగాలి.

అన్ని కాటాలూ వదిలేసే బరువు ఇంకొకటుంది. పాల కవరు కడిగేది మనం. కుప్పలో చెయ్యి పెట్టి ఏరేది ఆ బండావిడ. సాషేలో పోసి అమ్మినవాడు మాత్రం హాయిగా ఉన్నాడు. 2022 జులై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు, ప్లేట్లు నిషేధించారు. మంచిదే. కానీ ఆ జాబితాలో షాంపూ సాషే లేదు. అమ్మిన కవర్ల బాధ్యత కంపెనీలదేనని అదే ఏడాది నిబంధనలు కూడా వచ్చాయి. మరి మా గుమ్మంలో మిగిలిన కిలో 200 గ్రాముల కోసం ఏ కంపెనీ మనిషీ రాలేదే!

ఈ నెల నుంచి షాంపూ పెద్ద సీసాలో కొంటున్నాను. కర్రీ పాయింట్‌కి స్టీలు టిఫిన్ గిన్నె పంపిస్తున్నాను. 17 సంచుల్లో రెండు వాడకంలోకి వచ్చాయి, మిగిలినవి పక్కిళ్లకి పంచేశాను. ఇకమీదట తాంబూలంలో సంచి వద్దని నవ్వుతూనే చెప్పేస్తున్నాను. చెత్త ఏరడం ఒక్కటే మన పని కాదు, అది ఇంట్లోకి రాకుండా గుమ్మం దగ్గరే ఆపడం కూడా మన పనే. అమ్మినవాణ్ణి నిలదియ్యడం మన హక్కు.

మీరూ ఒక్క నెల గోనెసంచి పెట్టి చూడండి. అత్తగారు నవ్వితే నవ్వనివ్వండి. మా అత్తగారు ఇప్పుడు పాల కవరు మూల పూర్తిగా తెగి కిందపడకుండా జాగ్రత్తగా కత్తిరిస్తున్నారు!