తేలుచుండగనే తిన్నచేయవలెను

ఈ మాసము మేము పడవను గూర్చి వ్రాయబూనితిమి. “వంటయు, కుట్టుపనియు, శిశుపోషణమును ముచ్చటించు చోట పడవ యేల?” యని మీరు నవ్వుకొనవచ్చును. తుదివరకు ఓపికతో చదివినయెడల ఇది మన యింటికి దూరపు మాట కాదని మీరే యందురు.

మేము నివసించు జూబిలీహిల్సు, ఫిలింనగరు ప్రాంతము రాతికొండల నేల. పడమటి అంచున దుర్గము చెరువు కలదు గాని, మా వీధులలో ఏరు లేదు, కాలువ లేదు. అట్టి వీధిలో మొన్న జూలై మాసమున ఒక ఆదివారము ఉదయమున, కారు వెనుక తగిలించిన రెండు చక్రముల ట్రైలరుపై ఒక చిన్న పడవ పోవుచుండెను. పిల్లలందరు “షూటింగు! షూటింగు!” అని కేకలు వేయుచు దానివెంట పరుగెత్తిరి. ఈ పేటలో వింతగా కనబడిన ప్రతి వస్తువును సినిమాకొరకే యని తలచుట వారి కలవాటు. వారి తప్పేమున్నది? 1964లో ఆదుర్తి సుబ్బారావుగారు తీసిన ‘మూగమనసులు’లో అక్కినేని నాగేశ్వరరావుగారు పడవవాడు. 1973లో వచ్చిన బాపుగారి ‘అందాల రాముడు’లో కథ గోదావరిమీదనే సాగును. తెరపై పడవ సాగిపోవుట చూచి మనమెల్లరము మురిసితిమి. అది నీటిలోని కెట్లు దిగినదో, మరల గట్టున కెట్లెక్కినదో మాత్రము మనకు తెరపై కనబడదు.

ఆ పడవ సినిమాకు పోవుటలేదు. మా పొరుగింటి పన్నెండేండ్ల బాలిక హుస్సేనుసాగరములో తెరచాప పడవ నడుపుట నేర్చుకొనుచున్నది. పిల్లలు నేర్చుకొను ఆప్టిమిస్టు అను పడవ ఇంచుమించు ఏడడుగుల తొమ్మిదంగుళముల పొడవును, 35 కిలోల బరువును గలది. దానిని ఇద్దరు పెద్దలు సునాయాసముగ మోయగలరు. బరువైనది వేరొకటి. పిల్లల వెనుక తిరుగుచు, ఎవరి పడవ యైన బోర్లపడినచో తక్షణమే పోయి అందుకొనుటకై ఒక ఇంజను పడవ యుండవలెను. ఆ బాలిక తండ్రిగారు తమ పడవను ఆదివారములం దందుకొరకు కొనిపోవుచున్నారు. ఆ దినమున ఆ తల్లి పిలువగా మేమును వారి వెంట వెళ్లితిమి.

పగలంతయు వేడుకగ గడచినది. సాయంకాలమునకు పడమటి గాలి విసరజొచ్చెను, మబ్బు క్రమ్మెను. అందరికిని తొందర పుట్టినది. కారును వెనుకకు నడిపి ట్రైలరును రేవు ఏటవాలున లోతుగా దింపిరి. పడవ ముక్కును త్రాటితో లాగిరి. ముక్కు సరిగనే వచ్చి చేరినది గాని, వెనుక భాగమును గాలి ఒక ప్రక్కకు నెట్టివేసెను. ఆ వంకరతోడనే బండిని పైకి లాగుకొని వచ్చిరి. పడవ ఒక ప్రక్కకు ఒరిగి కూర్చున్నది. ఆ వైపు చక్రము క్రుంగినది. “ఇంటికి ఎంత దూరము? త్రాళ్లు బిగించి కట్టినచో చాలు” నని ఒకరనిరి. నలుగురు మగవారు భుజములు మోపి నెట్టిరి. పడవ అంగుళమైన కదలలేదు. అడుగున చెక్క గీసికొని కిర్రుమన్నది.

అంతట రేవు చూచుకొను ఒక వృద్ధుడు వచ్చి, “సారూ, భూమ్మీద పడవతోని కుస్తీ పట్టకుండ్రి. మల్ల నీళ్లల్లకు దింపుండ్రి. తేలేటప్పుడే సక్కగ చెయ్యాలె” అనెను.

చేసిన పనిని మరల విప్పుట ఎవరికిని ఇష్టముండదు. అయినను ఆ తండ్రిగారు వినిరి. బండి మరల నీటిలోనికి దిగినది. వెనుక భాగము తేలగానే ఆ బాలిక మోకాలిలోతు నీట నిలిచి, ప్రక్కనుండి చేతితో మెల్లగ నెట్టినది. నలుగురు మగవారికి కదలని పడవ ఆ పిల్ల అరచేతికి కదలినది! “చూశారా, పిన్నిగారూ!” అని అది మావైపు తిరిగి నవ్వినది.

ఇందు మాయ యేమియు లేదు. బావిలో నీరు చేదువారికి ఈ సంగతి చిరపరిచితము. బిందె నీటిలో మునిగియున్నంతసేపు చేతికి బరువు తెలియదు. నీటిపైకి రాగానే చేయి లాగివేయును. నీటిలో తేలు పడవను నీరే మోయుచుండును. మనము దానిని త్రిప్పిన చాలును. నీటినుండి వెలువడిన పిమ్మట బరువంతయు ట్రైలరు చెక్కలపై బడును. అప్పుడు దానిని జరుపుట యన బరువుతోడను రాపిడితోడను పోరాడుటయే.

పడవ తొలిసారి వంకరగ ఏల ఎక్కినది? ఆ వృద్ధుడు చూపగా మేము తెలిసికొన్న కారణములు రెండు. మొదటిది, బండిని మితిమీరి లోతుగ దింపుట. అప్పుడు చెక్కలు పడవ అడుగునకు తగులవు; పడవ వాటిపై దిక్కులేక తేలుచు గాలి నెట్టినవైపునకు పోవును. అట్లని తక్కువ లోతున నిలిపినను చిక్కే. ముక్కు చెక్కలకు తట్టుకొని ఆగిపోవును. చెక్కల వెనుక కొనలు నీట మునిగి, ముందు కొనలు నీటి యంచున కనబడుచుండుట మంచి కొలత. రెండవది, గాలి వచ్చు ప్రక్కను ఎవరును పడవ వెనుక భాగమును పట్టకుండుట. ముక్కునకు ఒక త్రాడు, వెనుకకు గాలివైపునుండి ఒక త్రాడు, ఇద్దరు మనుష్యులు ఉన్నచో గాలి ఆట సాగదు.

మిగిలిన జాగ్రత్తలు క్లుప్తముగ చెప్పెదము. కారును ట్రైలరును ఒకే వరుసలో నుండవలెను. రెండు చక్రములును ఒకే మట్టమున నిలువవలెను. బండి వెనుక కొనల రెండు ప్రక్కల నిలువు కమ్మీలు బిగించినచో, బండి నీట మునిగియున్నను దాని అంచు లెచ్చటనో తెలియును. పడవ వాటి నడుమనుండియే వచ్చును. ముక్కు మొదటి స్తంభమునకు తగిలిన పిమ్మట వించిపట్టీని బిగించి, గొలుసు తగిలింపవలెను. ఇంజనును పైకెత్తవలెను. ఒకరు ముందు ప్రక్కగా దూరమున నిలిచి ముక్కు, స్తంభము, వెనుక నడిమిభాగము ఒకే గీతలో నున్నవో లేవో చూడవలెను. అటుపిమ్మట బండిని కొంచెమే లాగి, ఆగి, మరల చూడవలెను. వంకర యున్నచో వెనుక భాగము తేలువరకు తిరిగి దింపవలెను. గట్టెక్కిన తరువాత వెనుక భాగమును కూడ పట్టీలతో బండికి కట్టవలెను. పిల్లలను బండి వెనుక గాని, కారునకు బండికి నడుమ గాని నిలువనీయరాదు.

ఒక పడవ కొంచెము వంకరగ నుండిన ఏమి మునిగినదని మీరడుగవచ్చును. 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన కుంభవృష్టిని ఈ నగరము మరువలేదు. మా ఫిలింనగరునకు దిగువనున్న టోలిచౌకిలో నదీంకాలనీ నీట మునిగినది. మేడలపై చిక్కుకొనిన కుటుంబములను పడవలలో తీసికొనివచ్చిరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరు మునిగినప్పుడును పడవలే దిక్కైనవి. 2018 ఆగస్టులో కేరళమున జాలరులు తమ పడవలను లారీల కెక్కించుకొని వరద పల్లెలకు తరలివచ్చి వేలమందిని కాపాడిరి. ఈ మూడు చోట్లను వరదనీరు వీధులలోనే నిలిచినది. సాయపడు పడవ అచటికి రోడ్డుమీదనే రావలసియుండెను. వంకరగ నెక్కిన పడవ మలుపువద్ద జారిపడవచ్చును, దాని అడుగు పగులవచ్చును, బండి ఒరిగిపోవచ్చును. మేడపై పసిబిడ్డను రొమ్మున కదుముకొని ఎదురుచూచు తల్లికి ఆ పడవ రానేరాదు. రేవువద్ద మిగుల్చుకొన్న అయిదు నిమిషముల ఖరీదు అంత యుండవచ్చును.

ఇంకొక మాట. ఆ సాయంకాలము బలముగలవారు నలుగురుండిరి గాని, దూరమున నిలిచి “ఇంకొంచెము ఎడమకు” అని చెప్పువారు మొదట ఎవరును లేరు. రెండవసారి ఆ పని బాలిక తల్లి చేసినది. ముగ్గు చుక్కల వరుసను, చీర అంచు మడతను ఒక్క చూపున సరిచూడగల కన్ను మన స్త్రీలకు కలదు. ఈ పనికి భుజబలముకంటె అట్టి కన్నే ఎక్కువ అవసరము. కావున మన బాలికలకు నీటిని గూర్చి భయమునే నేర్పక, ఈత నేర్పింపుడు. రక్షణకోటు ధరించుట నేర్పింపుడు. అవకాశమున్నచోట పడవ పనియు నేర్పింపుడు.

తిరిగివచ్చుచు ఆ తల్లి మాతో నిట్లనెను: “పెద్దదాని చదువు విషయములో మేము ఇట్లే చేసితిమి. మొదట వంకర కనబడినను, తరువాత సరియగునని లాగుకొనిపోతిమి. ఇప్పు డందరము కలిసి నెట్టుచున్నాము.” ఆమె అంతకుమించి చెప్పలేదు, మేమును అడుగలేదు. ఆ రాత్రి మా యింటికి వచ్చిన తరువాత, రేపు మాపని వాయిదా వేయుచున్న ఒక చిన్న వంకరను జ్ఞాపకము చేసికొని, మరునాడు ఉదయముననే దానిని సరిదిద్దుకొంటిమి. అది ఇంకను తేలుచునే యుండెను.